నిలువనీడకు రొక్కమెక్కడిది?

నేడు నేను ముచ్చటింపదలచిన విషయము వినుటకు ఇంపైనది కాదు. ఇల్లు లేనివారిని గూర్చి మాటలాడుదును. ఇల్లు లేనివాడనగా స్వంత యిల్లు లేనివాడని తలపవలదు. అద్దె యింట కాపురమున్నవానికి ఇల్లు కలదు. అన్నగారి వసారాలో పండుకొనువానికిని ఒక విధముగా ఇల్లు కలదు. ప్రొద్దుగ్రుంకిన తరువాత తలవాల్చుటకు తలుపున్న చోటు ఒక్కటియు లేక, బస్సు స్టాండు అరుగుపైనను, రైలు స్టేషను ప్లాటుఫారముపైనను, గుడి మండపమునందును, మూసిన దుకాణము రేకు క్రిందను తెల్లవార్చువారిని మాత్రమే నేను ఇల్లు లేనివారనుచున్నాను.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో, ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి, ఇట్టివారిని ప్రత్యేకముగా లెక్కించిరి. దేశము మొత్తముమీద 17 లక్షల 70 వేలకు పైబడి తేలిరి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షా 45 వేల మంది. పల్లెటూరి పెద్దలు ఈ మాట విని, "ఇది పట్టణముల గొడవ, మనకేల?" యందురు. కాని ఆ లెక్కలోనే మఱియొక సంగతి యున్నది. పట్టణములలో లెక్కకు వచ్చినవారు 9 లక్షల 38 వేలు. పల్లెలలో 8 లక్షల 30 వేలకు పైన. అనగా ఇంచుమించు సగము మంది మన చెఱువు గట్ల మీదను, మన రచ్చబండల మీదను ఉన్నవారే. పట్టణములలోని తక్కిన సగములోను పల్లెనుండి పోయినవారెందఱో ఎవరు చెప్పగలరు?

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలు వలసలకు పేరుపడ్డవి. మన తాతల కాలమున రంగూనుకు ఓడలెక్కి పోయిరి. 1942లో జపాను సేనలు బర్మాపై బడినపుడు వేలకొలది తెలుగువారు అడవులలో నడచి తిరిగివచ్చిరి. దారిలో పోయినవారు పోగా, వచ్చినవారిలో ఊరున్నను ఇల్లు మిగులనివారు అనేకులు. నేడు రంగూను లేదు గాని విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నపట్టణము ఉన్నవి. పడుచువారు కట్టుబడి పనులకు పోవుదురు. కొందఱు పనిచోటనే, కట్టుచున్న మేడ క్రిందనే పండుకొందురు. ముసలివారు ఇంటికడ మిగులుదురు. ఆ ఇల్లు కూలువఱకు ఇంటివారే, కూలిన మఱునాటినుండి ఇల్లు లేనివారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినపుడు ఎన్ని పూరిండ్లు ఎగిరిపోయినవో ఉద్దానమువారికి నేను చెప్పనక్కఱలేదు.

శ్రీకాకుళము రోడ్డు అని పేరు గల రైలు స్టేషను ఆమదాలవలసలో నున్నదని మీ రెఱుగుదురు. ఒక రాత్రి అచ్చట రైలుకొఱకు వేచియుండగా, గోనెసంచి పఱచుకొని కూర్చున్న వృద్ధురాలితో మాటలాడితిని. "నీకు ఊరు లేదా, అమ్మా?" యని యడిగితిని. "ఊరుంది బాబూ, ఇల్లు నేదు" అనెను. తనకున్న రెండు గదుల ఇల్లు తమ్ముని కొడుకునకు వ్రాసి యిచ్చినదట. తిండి పెట్టుదునని అతడు నోటిమాటగా చెప్పినాడట. కాగితములో ఆ మాట లేదు.

ఇచట దారి తప్పి యొక సంగతి చెప్పెదను, పెద్దలు మన్నింపవలెను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టమున 23వ సెక్షను కలదు. 60 ఏండ్లు దాటినవారు తమ్ము పోషింపవలెనను షరతుతో ఆస్తిని దానముగానో మఱియొక విధముగానో వ్రాసియిచ్చి, పుచ్చుకొన్నవాడు పోషింపకున్నచో, ఆ దస్తావేజును రద్దు చేయుమని ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. షరతు దస్తావేజులో వ్రాసియున్నచో పని సుళువు. కావున మీ ఊర ఎవరైనను ముసలివారు రిజిస్ట్రారు కచేరికి పోవుచున్నారని తెలిసినచో, ఆ ఒక్క వాక్యము వ్రాయించుట మీ పని. ఒక వాక్యముతో ఒక మనిషి స్టేషనుపాలు గాకుండ నిలుచును. ఇంతకన్న చవుకైన సత్రము లేదు.

ఇక అసలు విషయమునకు వత్తును. ఇల్లు లేనివారందఱు ఒక తీరువారు కారు. కూలికి వచ్చినవాడు, పెద్దాసుపత్రిలో రోగికి తోడువచ్చినవాడు, నాలుగు రాత్రులు తలదాచుకొని పోవువాడు. వానికి కప్పు, కొళాయి, మరుగుదొడ్డి, మూటకు తాళము ఉన్న చాలును. కాని మతి చలించి తిరుగువాడు, కన్నులు కనబడని ముసలిది, వ్రేళ్ళు పోయిన కుష్ఠురోగి, వీరికి కప్పు చాలదు. మందు వేళకు ఇచ్చువారు కావలెను. పింఛను తెచ్చుటకు వెంట పోవువారు కావలెను. రాత్రి లేచి బయటికి పోబోయిన చేయి పట్టుకొనువారు కావలెను. మన భాషలో తోడునీడ యను మంచి మాట యున్నది. మొదటి తీరువారికి నీడ చాలును. రెండవ తీరువారికి తోడును నీడయు రెండును వలెను. నేడు నా మాటలన్నియు ఈ రెండవ తీరువారిని గూర్చియే, వారి ఖర్చును గూర్చియే.

ఖర్చును గూర్చి మన పూర్వులు మనకన్న తెలివిగా నాలోచించిరి. జగన్నాథమునకు పోవు యాత్రికులు నరసన్నపేట, టెక్కలి, ఇచ్ఛాపురముల మీదుగా పోవుచుండిన దినములలో త్రోవ పొడుగున సత్రములుండెను. సత్రము కట్టినవాడు గోడలు కట్టి యూరకుండలేదు. దానికి మాన్యము వ్రాసెను. గోడలు ఒక్కసారి ఖర్చు, అన్నము ప్రతిదినపు ఖర్చు అని అతడెఱుగును. 1817లో మదరాసు ప్రభుత్వము 7వ రెగ్యులేషను చేసి, దేవాలయములతో పాటు సత్రముల మాన్యములను కూడ రెవిన్యూ బోర్డు పర్యవేక్షణలో నుంచెను. మాన్యములు కొందఱి పాలబడి అన్యాక్రాంతమగుచుండుటయే దానికి హేతువు. తరువాత 1871లో లోకలు ఫండు చట్టము, 1884లో లోకలు బోర్డుల చట్టము వచ్చెను. భూమిశిస్తుపై సెస్సు వేసి, బాటలు, బడులు, ఆసుపత్రులు, సత్రములు ఆ రొక్కముతో నడిపిరి. రైతు చెల్లించిన అణాలో బాటసారి పండుకొను అరుగునకును వంతుండెను. 1890 తరువాతి యేండ్లలో తూర్పుతీరపు రైలుమార్గము వచ్చెను. యాత్రికులు బండి దిగి రైలెక్కిరి. సత్రములు పాడువడెను. బాటసారి పోయెను గాని దిక్కులేనివాడు పోలేదు. వానికి ప్రత్యేకమైన ఫండు లేకపోయెను.

విజయనగరమున పూటకూళ్ళమ్మ యిల్లు కన్యాశుల్కము చదివినవారందఱెఱిగినదే. ఆమెయు నీడ యిచ్చినదే కాని, డబ్బుకు. ఉన్నవానికి ఎప్పుడును ఏదో యొక అరుగు దొరకును. మనము మాటలాడునది లేనివానిని గూర్చి.

మన కాలమునకు వత్తము. 2001లో దాఖలైన ఆహారపు హక్కు వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2010లో, పెద్ద నగరములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున రాత్రింబగళ్ళు తెఱచియుండు ఆశ్రయములు ఏర్పఱుపవలెనని ఉత్తరువు చేసెను. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషను ప్రారంభమై, ఈ ఆశ్రయములకు ధనము కేటాయించెను. మన రాష్ట్రమున మెప్మా యను సంస్థ దానిని నడపెను. ఆ లెక్కన రెండు లక్షలకు పైబడిన జనము గల విజయనగరమునకు రెండు, లక్షకు పైబడిన శ్రీకాకుళమునకు ఒకటి రావలెను. ఆ పథకపు నిబంధనలలో ఒక అంకెను మీరు గుర్తుంచుకొనవలెనని కోరుదును. 50 మంది పండుకొను ఆశ్రయము నడుపుటకు సంవత్సరమునకు 6 లక్షల రూపాయలు. భాగించి చూడుడు. మనిషికి నెలకు 1,000 రూపాయలు, దినమునకు 33 రూపాయలు. అందులోనే కాపలాదారుల జీతము, దీపము, నీరు, సబ్బు. ఇదియైనను 5 ఏండ్లవఱకే. తరువాత ఆ భారము పట్టణపు సంస్థ మోయవలెను. 2024తో ఆ మిషను గడువు కూడ ముగిసినది.

33 రూపాయలతో నీడ నడచునేమో. తోడు నడవదు. ఇది ఒకరి దోషమని నేననను. ఆ పథకము మొదటి తీరువారిని మనసులో పెట్టుకొని చేసినది.

తోడునీడ రెండును కలిపి యిచ్చినవారు ఎవరైన కలరా? బెల్జియము దేశమున గీల్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి గుడికి మతిచలించినవారిని తీసికొనివచ్చుట 13వ శతాబ్దము నాటికే వాడుక. మన పల్లెలలో మ్రొక్కుబడికి పిచ్చివారిని గుడికడ విడిచినట్లే. గుడిలో చోటు చాలక ఆ ఊరి కాపులు వారిని తమ ఇండ్లలో నుంచుకొనిరి. క్రమముగా అది ఊరి ఆచారమైనది. 1850 ప్రాంతమున ప్రభుత్వము ఆ పనిని తన చేతికి తీసికొని, ఉంచుకొన్న ఇంటివారికి ఇంత యని సొమ్ము ఇచ్చుచు, వైద్యుని చేత చూపించుచు వచ్చెను. 1938 నాటికి 3,700 మందికి పైగా రోగులు అట్లు ఇండ్లలో ఉండిరి. వారు పశువుల మేపుదురు, పిల్లల నాడింతురు, ఇంటివారితో భుజింతురు. నేడు ఆ సంఖ్య చాల తగ్గినది. ఇంట నుండువారు తక్కువయైరి, బయటి కొలువులు ఎక్కువయైనవి. అయినను ఇన్ని వందల యేండ్లు నడచినది దయ ఒక్కటే కాదు, దయకు వెనుక నెలనెలా ముట్టిన సొమ్ము కూడ. నాకు గీల్ కథలో నచ్చిన భాగమిది.

అంత దూరము పోనక్కఱలేదు. చెన్నపట్టణమున 1993లో ది బాన్యన్ అను సంస్థ పుట్టెను. వీథులలో తిరుగు మతిచెడిన స్త్రీలను చేరదీసి వైద్యము చేయించుట దాని పని. నయమైనవారిలో చాలమంది ఇండ్లకు పోయిరి. పోలేనివారు ఏండ్ల తరబడి ఆశ్రమముననే మిగిలిరి. 2015లో ఆ సంస్థవారు ఒక క్రొత్త ఏర్పాటు చేసిరి. నలుగురైదుగురు స్త్రీలకు ఊరి నడుమ మామూలు ఇల్లొకటి అద్దెకు తీసికొని, వారితోపాటు ఒక సహాయకురాలిని ఉంచిరి. వంట వారే చేసికొందురు, సంతకు వారే పోవుదురు. బయట బోర్డు లేదు. ఇరుగుపొరుగువారికి అది నాలుగవ యిల్లో అయిదవ యిల్లో అంతే.

ఫిన్లండు దేశమువారు 2008 మొదలు మఱింత ముందుకు పోయిరి. తాగుడు మాను, పని వెదకుకొను, తరువాత ఇల్లిచ్చెదము అనుట మానిరి. ముందు ఇంటి తాళపుచెవి చేతికిచ్చి, తరువాత తాగుడు సంగతి చూచిరి. 1980ల చివర 15 వేలకు పైబడియున్న ఇల్లు లేనివారి సంఖ్య 2022 నాటికి 4 వేలలోపునకు దిగెను. 2024లో మరల కొంచెము పెరిగినది. పని ఆపిన చెఱువు గట్టు వలె ఇదియు నిరంతరము మన్ను వేయవలసినదే.

ఇక మన ఊరి లెక్క. నరసన్నపేటకో, చీపురుపల్లికో, పార్వతీపురమునకో దగ్గఱ యొక పల్లెలో ఆఱుగురికి తోడునీడ గృహము పెట్టితిమనుకొందము. అంకెలు నా అంచనా మాత్రమే. మీ ఊరి ధరలనుబట్టి మీరు దిద్దుకొనుడు. ఇంటి అద్దె నెలకు 5,000. పగలొకరు, రాత్రియొకరు, ఇద్దఱు సహాయకురాండ్రకు 9,000 చొప్పున 18,000. బియ్యము కాక తక్కిన తిండికి మనిషికి 2,000 చొప్పున 12,000. దీపము, మందులు, సబ్బు, ఆసుపత్రికి ఆటో, వీనికి 4,000. వెరసి 39,000 రూపాయలు.

విని బెదరవలదు. ఆ ఆఱుగురు వట్టి చేతులతో రారు. 2024 జూలై నుండి మన రాష్ట్రమున వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000. ఆఱుగురిలో నలుగురు వృద్ధులు, ఇద్దఱు వికలాంగులైనచో 28,000 వచ్చును. అందులో నాలుగవ వంతు వారి చేతనే యుంచవలెను. తన చేతిలో పది రూపాయలు లేని మనిషి ఎంత మంచి యింటనున్నను బిచ్చగాడే. ఇది నా పట్టుదల. మిగిలిన మూడు వంతులు, అనగా 21,000, ఇంటి ఖర్చునకు.

మఱి ఈ పింఛను వారికి నేడేల రాదు? చిరునామా లేదు గనుక. చిరునామా లేనిది ఆధారు రాదు, ఆధారు లేనిది కార్డు రాదు, కార్డు లేనిది పింఛను రాదు. ఇంటిలేమి దరిద్రమును తెచ్చునని యందఱు నెఱుగుదురు. హక్కుగా రావలసిన సొమ్మును సైతము అది ఆపివేయునని కొందఱే యెఱుగుదురు. గుర్తింపు పొందిన ఆశ్రయపు అధికారి ఇచ్చు ధ్రువపత్రమును ఆధారునకు చిరునామా రుజువుగా ఒప్పుకొందురు. ఓటు సంగతియు నంతే. ఇల్లు లేనివాడు ఎచట పండుకొనునో అచటికి బూతు అధికారి రాత్రివేళ వచ్చి చూచి పేరు వ్రాసికొనవలెనని ఎన్నికల సంఘము నియమము. కావున తోడునీడ గృహము ఇచ్చు మొదటి దానము అన్నము కాదు, తలుపు మీది నంబరు.

39,000లో 21,000 పోగా 18,000 తక్కువ. ఈ 18,000 ఏమిటో గమనించితిరా? సరిగా ఇద్దఱు సహాయకురాండ్ర జీతము. నీడకు రొక్కము దొరకినది, తోడుకు దొరకలేదు. ఏ నిధి తలుపు తట్టినను ఇదే సమాధానము వచ్చును. పార్లమెంటు సభ్యునికి సంవత్సరమునకు 5 కోట్లు నియోజకవర్గపు పనులకు కలవు. వానితో శాశ్వతమైన కట్టడములు కట్టవచ్చును, జీతము లీయరాదు. 15వ ఆర్థిక సంఘము పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 2021 మొదలు 2026 వఱకు నూటికి 60 వంతులు నీటికి, పారిశుద్ధ్యమునకు కట్టిపెట్టినది. తక్కిన 40 వంతులు ఊరి అవసరములకు వాడవచ్చుననెను గాని జీతములకు, కచేరి ఖర్చులకు కూడదనెను. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు లాభములో నూటికి రెండు వంతులు సంఘసేవకు వెచ్చింపవలెను. వృద్ధాశ్రమములు, స్త్రీల వసతిగృహములు ఆ జాబితాలో ఉన్నవి. పైడిభీమవరము వైపు కార్ఖానాలకు కొదవలేదు గదా. వారు జీతములు సైతము ఇయ్యవచ్చును. కాని ఈ యేడిచ్చినవారు మఱుసటియేడు ఇత్తురను నమ్మకము లేదు. ముసలిదానికి ఒక యేడు అన్నము పెట్టి మఱుసటియేడు మానుట ఎట్లు? అందుచేత నీడ భాగమునకు, అనగా ఇంటి మరమ్మతునకు, మంచములకు, మరుగుదొడ్లకు, బోరుబావికి ఈ నిధులన్నిటిని నిస్సంకోచముగా అడుగుడు. తోడు భాగమునకు ఊరిమీదనే ఆధారపడుడు.

ఊరిమీద ఆధారపడుట యనగా ఎంత? నెలకు 18,000, ఏడాదికి 2 లక్షల 16 వేలు. ఒక ఊరికి ఇది బరువు. 400 గడపలు గల అయిదు ఊళ్ళు కలిసినచో 2,000 గడపలు. గడపకు ఏడాదికి 108 రూపాయలు, నెలకు 9 రూపాయలు. బియ్యము సంగతి ఇంతకన్న విచిత్రము. మనిషికి నెలకు 15 కిలోలనుకొన్నను ఆఱుగురికి 90 కిలోలు. 2,000 గడపలు పంచుకొన్నచో గడపకు 45 గ్రాములు. నెలకొక పిడికెడు! పూర్వము కళ్ళములో ధాన్యము కొలుచునపుడు చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేర కొలిచిన తరువాతనే గాదెకు తరలించెడివారు. దిక్కులేనివానికిని ఒక మేర కొలుచుట మన కళ్ళములకు వింతపని కాదు. కుంచములు పోయి కాటాలు వచ్చినవి, అంతే.

శాశ్వతముగా చేయదలచినవారు మాన్యము దారినే పోవచ్చును. నూటికి 7 వడ్డీ వచ్చుననుకొన్నచో, 31 లక్షల రూపాయల నిధి బ్యాంకులో వేసిన, ఏటి వడ్డీతో ఇద్దఱి జీతము వెళ్ళును. ఊరిలో పుట్టి హైదరాబాదునను, అమెరికాలోను స్థిరపడినవారు ఊరి ముఖద్వారములకు, గోపురములకు లక్షలు పంపుట మనము చూచుచున్నాము. ముఖద్వారము క్రింద పండుకొనువాని కొఱకు కూడ వారిని అడుగవచ్చును. అడిగినవారు అరుదు గనుక ఇచ్చినవారు అరుదు. మీ గ్రామమున పాత సత్రపు మాన్యము ఏమైన మిగిలియున్నదేమో దస్తావేజులు తిరుగవేయుడు. 1987 నాటి ధర్మాదాయ చట్టము క్రింద సత్రములు సైతము ధర్మసంస్థలే. దాత ఏ నిమిత్తము వ్రాసెనో చూచి, ధర్మాదాయశాఖవారికి అర్జీ పెట్టవచ్చును.

ఒక ఆక్షేపణ తప్పక వచ్చును. "ఇల్లు తెఱచితిమా, ఊళ్ళోని బిచ్చగాండ్రందఱు ఇచ్చటనే చేరుదురు." ఈ భయము వట్టిది అనను. 100 మంచముల శాల పెట్టినచో చేరుదురేమో. ఆఱు మంచములు నిండిన తరువాత ఏడవవానికి చోటులేదని చెప్పుట కష్టమైనను చెప్పవచ్చును. అయిదు ఊళ్ళ పెద్దలు కూర్చుండి, మన ఊళ్ళలో ఈ రాత్రి బయట పండుకొనువా రెవరెవరని పేర్లు వ్రాసి చూడుడు. ఆ జాబితా మీరనుకొన్నంత పొడుగుండదు. అందులో కొందఱు మీ చిన్ననాటి స్నేహితులైనను కావచ్చును.

రెండవ ఆక్షేపణ మతిచెడినవారిని గూర్చి. వారు కొట్టుదురు, తగులబెట్టుదురు అందురు. వైద్యము లేనివాడు ఎట్లుండునో చూచి, వైద్యము పొందినవాడు నట్లే యుండునని తలచుట తప్పు. భరత్ వాట్వాని యను వైద్యుడు మహారాష్ట్రమున ఇట్టివారిని వీథులనుండి తీసికొనిపోయి, మందిచ్చి, ఊరు పేరు జ్ఞప్తికి వచ్చిన తరువాత ఇండ్లకు చేర్చుచున్నాడు. 2018లో ఆయనకు మాగ్సేసే బహుమానము వచ్చెను. మన ఊర తిరుగుచున్న పరభాషవాడు మఱియొక రాష్ట్రమున ఎవరి తండ్రియో. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమునుబట్టి, తన్ను తాను చూచుకొనలేక తిరుగు రోగిని సంరక్షణలోనికి తీసికొని, 24 గంటలలోపున ప్రభుత్వ వైద్యశాలకు చేర్చుట పోలీసు ఠాణా అధికారి విధి. కట్టివేయుట, ఊరు దాటించి బస్సెక్కించుట పరిష్కారములు కావు. అది ప్రక్క ఊరిపై త్రోసివేయుట. ప్రక్క ఊరివారును అట్లే చేయుదురు.

లెక్కలను గూర్చి ఒక మాట చెప్పి ముగింతును. ఇట్టి పనులు ధనము లేక చెడినవానికన్న నమ్మకము లేక చెడినవి ఎక్కువ. పింఛను సొమ్ము ఎవరిదో వారి పేరనే బ్యాంకులో నుండవలెను. వారి నాలుగవ వంతు వారి చేతికిచ్చి వ్రేలిముద్ర పుచ్చుకొనవలెను. సహాయకురాండ్ర జీతము ప్రతినెల అయిదవ తేదీ దాటరాదు. అది తప్పిన మఱునెల వారుండరు. కమిటీలో అయిదు ఊళ్ళ నుండి ఒక్కొక్కరు, ఆ ఇంటిలో నివసించువారిలో ఒకరు, మహిళా సంఘమునుండి ఒకరు ఉండవలెను. జమాఖర్చు చిట్టా మూడు నెలల కొకసారి రచ్చబండకడ బిగ్గఱగా చదువవలెను. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికలు ఏటేట అక్టోబరు 2 మొదలు గ్రామసభలలో తయారగును. ఆ సభకు పూర్వమే, పైన చెప్పిన పేర్ల జాబితా, ఖాళీగానున్న ఇంటి వివరము, మరమ్మతు అంచనా, మూడును కాగితముపై పెట్టి సర్పంచిగారికి అందజేయుడు. తీర్మానములో "ఇల్లు లేనివారికి వసతి" యని యొక పంక్తి పడినచో, మరమ్మతు ఖర్చు ఆ యేటి పద్దులలో చేరుటకు త్రోవ యేర్పడును. జీతపు పద్దు మాత్రము వేఱు పుస్తకమున, గడపగడపకు 9 రూపాయల చొప్పున వ్రాసికొనుడు.